వెలగని లైటు

సోమవారం పొద్దున క్రేన్ ఒక పన్నెండు చక్రాల లారీని ముక్కు పైకెత్తి లాక్కొచ్చి వర్క్‌షాపు గేట్లో దించేసరికి రెబెక్క ఇంకా చేతిసంచి బల్ల మీద పెట్టలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎల్బీనగర్‌లో దిగి, అక్కణ్ణించి షేర్ ఆటోలో మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని హయత్‌నగర్ వైపు వచ్చే ఆ ముప్పావు గంటలో ఆమె ఎవరి మీదా విసుక్కోదు. విసుగంతా గేటు లోపల మొదలవుతుంది. గేటు పక్క గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా గుట్కా ఉమ్ములతో ఎర్రబారి ఉంటుంది. సున్నం వేయిస్తే వారం నిలవదు. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని ఆ గోడ దాటడం ఆమెకు ఎనిమిదేళ్ళ అలవాటు.

మెడలో వేలాడే కార్డు మీద ఆమె ఉద్యోగం పేరు ఇంగ్లీషులో గొప్పగానే ఉంటుంది. చేసే పని మాత్రం మూడు ముక్కల్లో చెప్పొచ్చు. వచ్చిన ప్రతి లారీకీ కాగితం రాయాలి. స్టీరింగ్ కింద సాకెట్లో స్కానర్ వైరు గుచ్చి, డ్యాష్‌బోర్డు మీద లైటు ఎందుకు వెలిగిందో చూసి మెకానిక్‌లకు చెప్పాలి. పని అయ్యాక ఆ లైటు ఆర్పి బండిని బయటికి పంపాలి.

లారీ డ్రైవర్ క్రేన్ వెనకాలే నడుచుకుంటూ వచ్చాడు. యాభై దాటినవాడు. సన్నటి మనిషి, చొక్కా ఒక పక్క లుంగీలోకి దోపుకుని ఉంది, ఇంకో పక్క వేలాడుతోంది. కుడిచెయ్యికి మణికట్టు దాటి పైదాకా కట్టు కట్టి ఉంది. కట్టు మీద పసుప్పచ్చని మరక. ఆ చేతిని గుండె దగ్గర, ఎవరిదో వస్తువు జాగ్రత్తగా పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

“పేరు?” అంది రెబెక్క కాగితం తీసి.

“బిక్షమయ్య.”

“ఏమైందన్నా?”

“ఇంజన్ జామైంది మేడం. ఔటర్ రింగు రోడ్డు మీద, ఘట్‌కేసర్ దాటినంక. సిమ్లా నుంచి ఆపిల్ లోడు. ఇంకో అరగంటల బాటసింగారం మార్కెట్‌ల పడుతుంటి. లోడు రాత్రే వేరే బండ్లకు మార్చిన్రు.”

“వార్నింగ్ లైటు ఎప్పుడొచ్చింది?”

“రాలే.”

రెబెక్క కలం ఆపి అతని వైపు చూసింది. ఈ మాట ఆమె కొన్ని వందలసార్లు విన్నది. లైటు రాలేదు, బజర్ మోగలేదు, నేను చూస్తనే ఉన్న. ఎర్రలైటు వెలుగుతుంటే దాని మీద దేవుడి స్టిక్కర్ అంటించి నాగ్‌పూర్ దాకా పోయినవాడు కూడా ఇదే మాట అన్నాడు. అబద్ధమాడేటప్పుడు ఈ మనుషులు కళ్ళలోకి ఎంత సూటిగా చూస్తారో ఆమెకు తెలుసు. ఇతనూ అట్లనే చూస్తున్నాడు.

“నీళ్ళు చూసుకోలేదా?”

“నాగ్‌పూర్ల పొద్దుగాల చూసిన. డబ్బాల గీతకాడికున్నయి. వేడి ముల్లు సగంకాడనే ఉన్నది, ఇసుమంత కూడా ఎక్కలే. బండి గుంజుడు తగ్గింది, ఏదో మాడు వాసనొచ్చింది. పక్కకు ఆపి నీళ్ళ డబ్బా మూత తీసిన, ఆవిరి ఎగదన్నింది.” అతను కట్టుచెయ్యి కొంచెం ఎత్తాడు. “ముల్లు సగంకాడ ఉండె గద అని తీసిన.”

‘డ్రైవరు చెప్పినది: లైటు రాలేదు’ అని రాసుకుని, ఆ మాట పక్కన ఆమె అలవాటుగా ప్రశ్నార్థకం పెట్టింది.

కేబిన్ ఎక్కి స్కానర్ గుచ్చింది. లోపల చెమట, బీడీ, పులిసిన ఆపిల్ కలిసిన వాసన. ఇంజన్ ఇట్లా కాలిపోయిన బండి కంప్యూటర్లో తప్పుల జాబితా చాంతాడంత ఉండాలి. కానీ నీళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. నీళ్ళు తగ్గాయని గానీ, వేడెక్కిందని గానీ. బ్యాటరీ గురించి ఏవో పాత రాతలు రెండున్నాయి, అంతే. వైరు పీకి మళ్ళీ గుచ్చింది. అదే వచ్చింది.

కింద మెకానిక్ అప్పటికే ఇంజన్ ఆయిల్ బోల్టు విప్పాడు. నల్లగా దూకాల్సిన ఆయిల్ చిక్కగా, మీగడ కట్టిన చాయ్ రంగులో, తెంపులు తెంపులుగా తట్టలోకి జారుతోంది. నీళ్ళు ఆయిల్లో కలిశాయి. దాని మీద చిన్న చిన్న బుడగలు లేచి పగులుతున్నాయి. ఆ పూట రెబెక్కకు క్యాంటీన్ చాయ్ తెచ్చిస్తే గ్లాసు చూసి వద్దంది.

మేనేజర్ పట్టాభి తట్ట దాకా వచ్చి వంగి చూశాడు. విజయవాడ మనిషి. ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళయినా మాట మారలేదు. బైకు తాళంచెవిని చెవిలో తిప్పుకుంటూ, దాని కొసకు అంటినది వెలుతురుకు పెట్టి చూసుకుని, ప్యాంటుకు తుడిచేసుకునే అలవాటు అతనికి.

“ఆయిల్ చల్లబరిచే కూలర్ చీలిందమ్మా. నీళ్ళన్నీ ఇంజన్లోకి పోయాయి. డ్రైవర్ నిర్లక్ష్యం అని రాసెయ్. బుధవారం కల్లా రిపోర్టు వెళ్ళిపోవాలి.”

“స్కానర్‌ల ఏం రాలేదు సార్. లైటు వెలిగినట్టు లేదు.”

“స్కానర్ సంగతి ఎవడు అడుగుతాడమ్మా? లైటు వెలక్కుండా ఇంజన్ కాలుద్దా?” అని తాళంచెవి రెండో చెవిలో పెట్టుకున్నాడు.

మర్నాడు పదకొండింటికి బండి యజమాని గంగాధరరావు వచ్చాడు. వనస్థలిపురంలో ఇల్లు, పేరు మీద ఐదు లారీలు. తెల్ల చొక్కా జేబులోంచి ఒక లైసెన్సు కార్డు సగం బయటికి కనిపిస్తోంది. దాని మీద ఫొటోలో బిక్షమయ్య ఇంకా నల్లటి మీసంతో ఉన్నాడు.

పట్టాభి గదిలో ఏసీ చప్పుడు చేస్తోంది. కుర్చీలు మూడే. పట్టాభి, గంగాధరరావు కూర్చున్నారు. మూడో కుర్చీలో గంగాధరరావు బ్యాగు ఉంది. బిక్షమయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. రెబెక్క గోడకానుకుని, పొద్దున పట్టాభి చెబుతుంటే తాను కొట్టిన కాగితం పట్టుకుంది.

“చదివి చెప్పమ్మా ఆయనకి,” అన్నాడు పట్టాభి.

ఆమె చదివింది. ‘నేను బండి నడుపుచుండగా డ్యాష్‌బోర్డుపై హెచ్చరిక లైటు వెలిగినది. నేను దానిని లక్ష్యపెట్టక సుమారు నలభై కిలోమీటర్లు నడిపితిని. అందువల్ల ఇంజన్ దెబ్బతిన్నది. ఇందుకు నేనే బాధ్యుడను.’ చదువుతున్నంతసేపూ తన గొంతు తనకే గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా గొంతులా వినిపించింది.

“గిది నేను చెప్పలే,” అన్నాడు బిక్షమయ్య.

“చెప్పావని ఎవడన్నాడయ్యా?” గంగాధరరావు మెత్తగానే అన్నాడు. “కాగితానికి ఒక కారణం కావాలి. డ్రైవర్ తప్పని ఉంటే ఇన్సూరెన్సులో వెళ్ళిపోద్ది. కంపెనీ తప్పంటే వాళ్ళు పూణె హెడ్ ఆఫీసు నించి మనిషిని పంపి, ఇంజన్ ముక్కలు ముక్కలు చేసి చూసి, ఆరు నెలలు తిప్పుతారు. అంతవరకూ నా బండి ఇక్కడ తుప్పు పట్టాలా? నువ్వొక సంతకం పెట్టు, లైసెన్సు తీసుకో.”

“సంతకం పెడితె లైసెన్సుంటది సార్, స్టీరింగ్ ఎవడిస్తడు? నిన్ననే మీ ఓనర్ల వాట్సాప్ గ్రూపుల పెట్టిన్రంట, బిక్షమయ్య ఇంజన్ కాల్చిండని. ఆటోనగర్‌ల చాయ్ తాగనీకి పోతె మొకాలు తిప్పుకుంటున్నరు. ముప్పయ్యేండ్లు నడిపిన. ఒక్కసారి బండి గీరుకపోలే.”

“ఆ చేత్తో సంతకమేం పెడతావులే గానీ,” పట్టాభి సొరుగు లాగి ఇంకు ప్యాడు తీశాడు. మూత తెరిచి బల్ల అంచుకు జరిపాడు. “ఎడం బొటనవేలు చాలు.”

బిక్షమయ్య ఆ ప్యాడు వైపు చూశాడు. ఊదారంగు ఇంకు మీద ఎవరెవరివో వేళ్ళ గుంటలు.

“నేను ఏడు దాక సదువుకున్న,” అన్నాడు.

“అయితే?”

“ఏలిముద్ర ఎయ్య. చెయ్యి మానినంక సంతకమే చేస్త. నేను చెప్పింది రాస్తె చేస్త.”

గంగాధరరావు నవ్వాడు. పట్టాభీ నవ్వాడు. ఆ నవ్వుకు రెబెక్కకు ఎందుకో చేతులు కడుక్కోవాలనిపించింది. ఎంతో మందిని ఈ గదిలో ఇట్లా నిలబెట్టడం ఆమె చూసింది. కానీ ఒక మనిషి చేతికి కట్టుంది కదా అని, సందు దొరికినట్టు, నవ్వుతూ ప్యాడు ముందుకు తోయడం మాత్రం ఇదే మొదలు.

బిక్షమయ్య ఆమె వైపు తిరిగాడు. “మేడం, నువ్వు వైరు పెట్టి చూసినవ్ గద. కంప్యూటర్‌ల లైటు వచ్చినట్టు ఉన్నదా?”

ముగ్గురూ ఆమెనే చూశారు. “ఇంకా చూసుడు అయిపోలేదన్నా. మళ్ళొకసారి చూస్త,” అంది.

“రేపు పన్నెండింటిదాకా టైము,” అన్నాడు గంగాధరరావు, బ్యాగు భుజానికెత్తుకుంటూ.

మధ్యాహ్నం అన్నాలప్పుడు షెడ్డులో మనుషులు పలచబడ్డాక ఆమె సెల్‌ఫోన్ లైటు వేసుకుని ఆ లారీ దగ్గరికి వెళ్ళింది. మెట్టు మీద కాలు పెట్టి, కేబిన్ వెనక నీళ్ళ డబ్బా దాకా పైకెక్కింది. డబ్బా తెల్లటి ప్లాస్టిక్‌దే గానీ మూడేళ్ళ దుమ్ముకు గోధుమ రంగు తిరిగింది. అడుగున నీళ్ళ మట్టం కనిపెట్టే సెన్సార్, దానికో ప్లగ్గు ఉంటాయి. నీళ్ళు గీత కిందికి దిగితే ఆ ప్లగ్గు గుండానే కబురు వెళ్ళి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. ఆమె వేళ్ళతో తడిమింది. ప్లగ్గు సెన్సార్‌కు లేదు. ఊడదీసి పక్కకు వంచి, నల్ల టేపు చుట్టి ఉంది. టేపు గోటితో గీరి విప్పితే లోపల ప్లగ్గు రెండు కాళ్ళనూ కలుపుతూ వేలెడంత ఆకుపచ్చ వైరు ముక్క.

జంపర్.

డబ్బాలో నీళ్ళున్నా లేకపోయినా ‘నిండుగా ఉంది’ అని చెప్పే వైరు. లోపల నీళ్ళే లేకపోతే వేడి చెప్పే సెన్సార్‌కు మాత్రం తగిలేదేముంది? ముల్లు సగం దగ్గర నిలబడిపోతుంది. లైటు రాదు. బజర్ మోగదు. ఆ మనిషి చెప్పిన ప్రతి మాటా నిజం.

ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. ఆటోనగర్‌లో రోడ్డు పక్క కూర్చుని, ఏ లైటునైనా ఐదు నిమిషాల్లో ఆర్పిచ్చే ఎలక్ట్రీషియన్లు గుర్తొచ్చారు. గంగాధరరావే వేయించి ఉంటాడనుకుంది. వేయించి, పైగా ఈ మనిషి వేలు ఇంకులో ముంచాలని చూస్తాడా! ఛీ అనుకుంటూ దిగి, ఎలక్ట్రీషియన్ ఆకాశ్ దగ్గరికి నడిచింది. ఆకాశ్ టిఫిన్ డబ్బా మూత నాకుతున్నాడు. పక్కన వైరు చుట్ట ఉంది. ఆకుపచ్చది. కంపెనీ నుంచి వచ్చే చుట్ట అది, బయట ఆ రకం దొరకదు.

“ఆకాశ్, ఆ పన్నెండు చక్రాల బండికి జంపర్ ఎవరేసిన్రు?”

“నేనే మేడం.” అతను అన్నం తింటున్నంత మామూలుగా అన్నాడు. “పోయిన నెల ఆఖర్ల. మీరే చెప్పిన్రు గదా.”

“నేనా?”

“మీరే. కూలర్ పార్టు రానీకి పది దినాలు పడ్తదని, జంపర్ ఏసి పంపమన్నరు. నేను గప్పుడే అన్న, నీళ్ళు లీకైతున్నయి మేడం అని. నీళ్ళు నిండ పోసి పంపమన్నరు.”

ఆమె తిరిగి బల్ల దగ్గరికి వచ్చి కంప్యూటర్లో బండి నంబరు కొట్టింది. పాత రికార్డు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. తేదీ ముప్పై. ‘పసుపు లైటు ఫిర్యాదు. పరీక్షించడమైనది. సరిగా ఉన్నది.’ కింద ఎవరు చూశారు, ఎవరు చెరిపారు, ఎవరు బండి వదిలారు అనే మూడు గళ్ళు. మూడింట్లోనూ ఒకటే లాగిన్. ఆమెదే.

మెల్లగా గుర్తొచ్చింది. ఆ రోజు షెడ్డులో నిలబడ్డ బండ్లన్నీ సాయంత్రానికి ఖాళీ కావాలి. నెలాఖరుకు ఎన్ని బండ్లు పెండింగు ఉన్నాయో హెడ్ ఆఫీసుకు లెక్క పోతుంది. పట్టాభి గది గుమ్మంలో నిలబడి “ఆ కూలర్ బండిని కూడా దాటించెయ్యమ్మా, పార్టు వచ్చాక పిలుద్దాం” అన్నాడు. ఆమె ఆకాశ్‌కు చెప్పింది. స్కానర్ గుచ్చి, లైటు ఆర్పి, తర్వాతి బండికి వెళ్ళింది. పార్టు వచ్చిందో లేదో ఎవరూ మళ్ళీ అడగలేదు. ఆ బండి డ్రైవర్ మొహం ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. అతను అడిగింది మాత్రం గుర్తొచ్చింది. గేటు దగ్గర కిటికీలోంచి తల బయటపెట్టి “లైటు పోయింది గద మేడం, ఇగ పోవచ్చా?” అన్నాడు.

“పోవచ్చన్నా,” అంది తాను. చెయ్యి కూడా ఊపింది.

సాయంత్రం బాత్రూమ్‌లో గోళ్ళ సందుల్లో నల్ల టేపు జిగురు పోలేదని నాలుగుసార్లు సబ్బు రాసింది. మెట్రోలో పైకమ్మి పట్టుకున్న తన చేతినే చూస్తూ నిలబడింది. కోచింగ్ సెంటర్ల పిల్లలు పుస్తకాల సంచులతో తోసుకుంటూ దిల్‌సుఖ్‌నగర్‌లో దిగారు. ఆమె దిగడం మరిచిపోయింది. మూసారాంబాగ్ దాటడం కూడా చూసుకోలేదు. మలక్‌పేటలో దిగి వెనక్కి వచ్చింది.

ఇంట్లో భర్త విజయ్ కుమార్ చారు కాచి, అప్పడాలు వేయించి పెట్టాడు. తినేముందు ప్రార్థన చేయడం వాళ్ళింట్లో పద్ధతి. ఈ పూట ఆమె వంతు. తల వంచుకుని గోళ్ళ సందుల్లోకే చూస్తోంది. కాసేపు చూసి విజయ్ కుమారే రెండు మాటలు చెప్పి ఆమెన్ అన్నాడు.

“ఏమైంది?”

చెప్పింది. అతను అన్నం కలుపుతూ విన్నాడు.

“చెప్పింది మీ మేనేజరు. ఆయన పేరు కూడ రాయి.”

“ఆయన నోటితోటి చెప్పిండు. రాత అంతా నాదే ఉంది.”

“మరి ఊకుండు. ఆకాశ్‌ను వైరు తీసెయ్యమను. ఎవనికి తెలుస్తది?” ఈ మాట అన్నాక అతనికే బాగా అనిపించలేదేమో, ముద్ద కంచంలో పెట్టేశాడు. “ఆయనకు ఏం చెయ్యి అన్నవ్? కుడిదా, ఎడమదా?”

“కుడి.”

ఆమె కంచం తీసుకుని లేచింది.

బుధవారం పొద్దున ఆమె తొందరగా వచ్చింది. పట్టాభి రాకముందే లారీ ఎక్కి, ప్లగ్గు, వైరు, టేపు, డబ్బా అన్నీ ఫొటోలు తీసింది. తర్వాత బల్ల దగ్గర కూర్చుని రిపోర్టు కొట్టింది. ఇంగ్లీషులో, పొట్టి పొట్టి వాక్యాల్లో. లైటు వెలగలేదు. ఎందుకంటే సెన్సార్‌కు జంపర్ ఉంది. జంపర్ ఈ వర్క్‌షాపులోనే పడింది. కూలర్ చీలిక అప్పుడే తెలుసు. బండిని ఆపాల్సింది, ఆపలేదు. డ్రైవర్ తప్పు లేదు. ‘మేనేజర్ నోటిమాటగా చెప్పగా’ అని రాసి, ఆ కింద ‘నేను చేయించితిని’ అని రాసి తన పేరు పెట్టింది. పేరు కొడుతుంటే ఒక అక్షరం తప్పు పడింది. దిద్దింది.

పట్టాభి వచ్చి ఆమె వెనక నిలబడి తెర మీదిది చదివాడు. తాళంచెవి చేతిలోనే ఉంది, చెవి దాకా పోలేదు.

“ఏంటమ్మా ఇది?”

“రిపోర్టు సార్.”

“నీకేమన్నా పిచ్చా?” గొంతు తగ్గించాడు. “చూడమ్మా. నేను చెప్పానని నువ్వు రాస్తున్నావు. నేను చెప్పలేదంటాను. నాకు పిల్లలున్నారు, నేనేం చెయ్యను? ఎవరు నమ్ముతారు? లాగిన్ నీది. చెరిపింది నువ్వు, వదిలింది నువ్వు. ఇది పంపితే పోయేది నువ్వే. నాకేం కాదు. నీ మంచికే చెబుతున్నా.”

అతను కొంతవరకు నిజమే చెబుతున్నాడని ఆమెకు తెలుసు. ఆ నిజం చెప్పేటప్పుడు కూడా అతని మొహంలో తన మీద జాలి ఉంది. నిన్న ప్యాడు జరిపినప్పుడు ఆ డ్రైవర్ మీద చూపించినటువంటి జాలే. అది చూడలేక ఆమె తెర వైపు తిరిగి పంపే బటన్ నొక్కింది. అది పూణెకూ, ఇన్సూరెన్సు వాళ్ళకూ, గంగాధరరావుకూ ఒకేసారి పోయింది.

“నీ ఖర్మ,” అని పట్టాభి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

రెండు కాపీలు ప్రింటు తీసుకుని ఆమె బయటికి నడిచింది. రోడ్డుకు అవతల చాయ్ బండి దగ్గర బెంచీ మీద బిక్షమయ్య కూర్చుని ఉన్నాడు. పన్నెండు కోసం చూస్తున్నాడు. ఎండ మొహాన పడుతుంటే కట్టుచెయ్యిని నీడలోకి జరుపుకుంటున్నాడు. రోడ్డు దాటుతుంటే ఆమెకు లోపల తేలిగ్గా అనిపించింది. మూడు రోజుల్లో మొదటిసారి. అతను ఏమంటాడో కూడా మనసులో అనుకుంది. దండం పెడతాడేమో. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంటాడేమో. ‘అట్ల చెయ్యొద్దన్నా’ అనాలి.

ఇద్దరికీ చాయ్ చెప్పి బెంచీ రెండో కొసన కూర్చుంది.

“నీ తప్పు లేదని రాసి పంపిన అన్నా. కంపెనీకి పోయింది. గంగాధరరావు గారికి కూడ పోయింది. నువ్వు ఏలిముద్ర ఎయ్యాల్సిన పని లేదు.”

బిక్షమయ్య ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. నమ్మాలో వద్దో తెలియనట్టు. “నిజంగనా?”

“నిజంగనే. ఇగో కాపీ.”

“ఇంగిలీషుల ఉన్నది. జర సదువు మేడం.”

ఆమె ఒక్కో వాక్యమే తెలుగులో చెబుతూ పోయింది. లైటు వెలగలేదు అన్నచోట అతను “ఆఁ” అన్నాడు గట్టిగా. చాయ్ బండివాడు తిరిగి చూశాడు. జంపర్ అంటే ఏంటో చెప్పింది. అతనికి అప్పటికే తెలుసు, తల ఊపాడు. “దొంగలంజకొడుకులు,” అన్నాడు. “మనిషి పానాలు అనుకున్నరా, ఏమనుకున్నరు? ఘాట్ రోడ్డు మీద జామైతె? ఎనక బస్సుంటె?” అతను ఆమె వైపు జరిగాడు. “ఎవరేయించిన్రో గది కూడ రాసిన్రా?”

“రాసిన. పేరు ఉంది.”

“ఎవరు?”

“రెబెక్క.”

“గా రెబెక్క ఎవరు?”

లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆమె ఆగింది.

“నేనే అన్నా.”

అతను ఆమె మెడలో వేలాడే కార్డు వైపు చూశాడు. దాని మీద ఇంగ్లీషులో ఉన్నది అతనికి రాదు. మళ్ళీ మొహం వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆమె తట్టుకునేది. తినే కంచంలో ఏదో పాకుతుంటే మనిషి ఎట్లా చూస్తాడో అట్లా చూశాడు.

“గా దినం గేటుకాడ నిన్నే అడిగిన గద. పోవచ్చా అని.”

“అడిగినవ్.”

“పోవచ్చన్నవ్.”

“అన్న.”

“నవ్వుకుంట అన్నవ్. చెయ్యి గూడ ఊపినవ్.” అతను తనలో తాను లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు కదిపాడు. “సిమ్లా దాక పోయిన. వచ్చిన. లైటు రాలేదు గద, బండి మంచిగున్నది అనుకుంట పండుకున్న, లేచిన. నిన్న గా గదిల కూడ నిన్నే అడిగిన. నువ్వు గోడకు నిలవడి నాకు సదివి ఇనిపించినవ్.”

“నిన్న నాకు తెల్వదన్నా. నిన్న మధ్యాహ్నం తెలిసింది.”

“నువ్వు చేసింది నీకే తెల్వదా?”

మరిచిపోయాను అనడం, ఆ చేతిని చూస్తూ, ఆమె నోటికి రాలేదు.

అతను ఎడంచేత్తో కాగితం లాక్కున్నాడు. మోకాలి మీద పెట్టి మడవబోయాడు. ఒక్క చేత్తో మడత నిలవలేదు, గాలికి లేచింది. ఆమె పట్టుకోబోయింది.

“ఆఁ, వద్దు,” అన్నాడు. “నీ చెయ్యి తగలనియ్యకు.”

కాగితం అంచు పళ్ళతో పట్టుకుని, మోచేత్తో నొక్కి, ఎట్లాగో నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. లేచాడు.

“గీ కాయితం నాకు పనికొస్తది, అందుకే తీస్కపోతున్న. లైసెన్సు తెచ్చుకోవాలె. లేకుంటె మీ చేతులతోటి ఇచ్చిన మంచినీళ్ళు కూడ ముట్టేటోన్ని కాదు.”

షేర్ ఆటో ఒకటి ఎల్బీనగర్, ఎల్బీనగర్ అని అరుస్తూ ఆగింది. అతను ఎక్కడానికి కడ్డీ పట్టుకోబోయి, కుడిచెయ్యి సగం చాచి, ఆగి, ఒళ్ళంతా తిప్పి ఎడంచేత్తో పట్టుకున్నాడు. లోపల ఎవరో జరిగి చోటిచ్చారు. ఆటో కదిలింది. అతను వెనక్కి చూడలేదు.

అతని చాయ్ గ్లాసు బెంచీ మీద అట్లాగే ఉంది. చాయ్ బండివాడు వచ్చి, ముట్టుకోలేదా అన్నట్టు చూసి, నేల మీద పారబోశాడు. కాలిన ఆ చెయ్యి ఎట్లుందని, నొప్పి తగ్గిందా అని, ఈ మూడు రోజుల్లో తాను ఒక్కసారైనా అడగలేదని రెబెక్కకు అప్పుడు తట్టింది. ఇంట్లో కూర్చుని విన్న మనిషి అడిగాడు, ఏ చెయ్యి అని.

సంచిలో ఫోను మోగింది. పట్టాభి.

“పూణె నించి ఫోనొచ్చిందమ్మా. నిన్నే కావాలంటున్నారు. లైన్లో ఉన్నారు, రా.”

“ఒస్తున్న,” అంది.

రోడ్డు దాటి గేటు లోపలికి నడిచింది. ఎర్రగోడ పక్కనుంచి పోతుంటే చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి లేవలేదు.